16.00 గ్రాములు: ఒక రొయ్యల చీటీలో భిన్నం ఎక్కడ పోయింది?

భీమవరంలో, యనమదుర్రు డ్రెయిన్‌కి దగ్గర్లో ఉన్న ఒక రొయ్యల కొనుగోలు కేంద్రానికి నేను కొన్నేళ్లుగా డేటాబేస్ పనులు చేసిపెడుతున్నాను. ఆ రోజు ప్రింటర్ మొరాయిస్తోందని పిలిస్తే వెళ్లాను. ఉదయం తొమ్మిది కూడా కాలేదు. ఉండి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి ముందు రోజు చీటీ బల్ల మీద పెట్టారు. టైగర్ రొయ్య రోజుల నుంచీ చెరువులు చేస్తున్న మనిషి. చదివింది ఐదో తరగతి వరకే అంటారు గానీ నోటి లెక్కలో ఆయనతో పోటీ పడటం కష్టం.

"బాబూ, గట్టు మీద నా కళ్లముందే కాటా వేశారు. రెండు కిలోల నాలుగొందల గ్రాములకి నూట నలభై రెండు రొయ్యలు వచ్చాయి. అంటే యాభై తొమ్మిది కౌంట్. మీ కుర్రాడి ఫోన్‌లో కూడా యాభై తొమ్మిదే చూపించింది. చీటీలో అరవై రెండు ఎలా వచ్చిందయ్యా?"

నేను ఫోన్ తీసి లెక్క చూశాను. 142ని 2.4తో భాగిస్తే 59.17. ఆయన చెప్పింది నిజం. చీటీ కొట్టే క్వెరీ, అంటే డేటాబేస్‌ని లెక్క అడిగే ఆదేశం, రాసింది నేను. ఆ చీటీలో "సగటు బరువు: 16.00 గ్రా." అని స్పష్టంగా ఉంది. 2,400 గ్రాముల్ని 142తో భాగిస్తే 16.90 రావాలి.

ఆ తొంభై పాయింట్లు ఎక్కడికి పోయాయో వెతికిన కథ ఇది. డేటాతో పనిచేసేవాళ్లకి, ముఖ్యంగా ఒక డేటాబేస్ నుంచి ఇంకోదానికి మారుతున్నవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. రేట్లు మాత్రం అసలువి కాదు, లెక్క తేలిగ్గా అర్థమవ్వాలని పెట్టినవి. కాలమ్ పేర్లు కూడా అర్థమయ్యేలా తెలుగులోనే రాస్తాను.

కౌంట్ అంటే

రొయ్యల వ్యాపారం తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న సంఖ్య. 100 కౌంట్ అంటే కిలోకి వంద, ఒక్కోటి పది గ్రాములు. 50 కౌంట్ అంటే కిలోకి యాభై, ఒక్కోటి ఇరవై గ్రాములు. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. పట్టుబడి రోజు గట్టు మీద నమూనా తీసి, తూచి, లెక్కపెట్టి కౌంట్ తేలుస్తారు. ఆ ఒక్క సంఖ్య మీదే మొత్తం పట్టుబడి రేటు ఆధారపడుతుంది. నాలుగు నెలలు రాత్రిళ్లు ఏరియేటర్ల దగ్గర కాపలా కాసి, కరెంటు పోతే జనరేటర్ వేసుకుని, చెక్ ట్రేల్లో మేత చూసుకుంటూ పెంచిన పంట మొత్తం ఆ నమూనా మీదే తేలుతుంది.

ఈ కేంద్రంలో పద్ధతి ఏమిటంటే 50, 60, 70 అంటూ పది కౌంట్లకొక రేటు ప్రకటిస్తారు. మధ్యలో పడ్డ కౌంట్‌కి తేడాని పది భాగాలు చేసి సర్దుతారు. 50 కౌంట్ రేటు కిలోకి 350 రూపాయలు, 60 కౌంట్ 320, 70 కౌంట్ 295 అనుకోండి. 50కి 60కి మధ్య ఒక్కో కౌంట్‌కి 3 రూపాయలు తగ్గుతుంది. 59 కౌంట్‌కి 323 రూపాయలు రావాలి. పెద్దాయనకి చీటీలో పడింది 316. కిలోకి 7 రూపాయలు తేడా. ఆయన పట్టుబడి 2,860 కిలోలు, అంటే 20,020 రూపాయలు.

మూడు వారాల ముందు ఏం మారింది

అప్పటిదాకా ఈ డేటా అంతా మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఉండేది. రిపోర్టులు పెరిగాయి, కొత్త సర్వర్ తీసుకున్నారు, ఆ అవకాశంలో పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌కి మారదామని నేనే చెప్పాను. ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను. టేబుళ్లు తరలించాను, క్వెరీలు మార్చాల్సినచోట మార్చాను. చీటీ క్వెరీ మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేకుండా నడిచింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. దాన్ని నేను శుభసూచకంగా తీసుకున్నాను.

ఆ క్వెరీలో ప్రధానమైన లెక్క ఇది:

సగటు = నమూనా_గ్రాములు / నమూనా_సంఖ్య
కౌంట్ = రౌండ్(1000 / సగటు)

నమూనా బరువుని కిలోల్లో దశాంశంగా కాకుండా గ్రాముల్లో పూర్ణాంకంగా దాచాలని చాలా ముందే నిర్ణయించుకున్నాను. 2.4 లాంటి సంఖ్యలు ఫ్లోట్ అనే దశాంశ రకంలో దాస్తే బైనరీ రూపంలో కచ్చితంగా ఇమడవు, ఎక్కడో ఒక చోట 2.3999 అని బయటపడతాయి. పూర్ణాంకమైతే ఆ బెడద ఉండదు. డబ్బుని పైసల్లో దాచేవాళ్లు కూడా ఇదే కారణంతో దాస్తారు. ఆలోచన మంచిదే, కానీ దానివల్ల భాగహారంలో రెండు వైపులా పూర్ణాంకాలే మిగిలాయి.

మైఎస్‌క్యూఎల్‌లో 2400 / 142 అని అడిగితే 16.9014 వస్తుంది. రెండు వైపులా పూర్ణాంకాలే అయినా దశాంశం తర్వాత నాలుగు అంకెలు ఇవ్వడం దాని డిఫాల్ట్. పూర్ణాంక భాగఫలమే కావాలంటే అక్కడ డివ్ అనే వేరే ఆపరేటర్ వాడాలి. పోస్ట్‌గ్రెస్‌లో అదే 2400 / 142 అడిగితే 16 వస్తుంది. రెండు వైపులా పూర్ణాంకాలైతే జవాబూ పూర్ణాంకమే, శేషం వదిలేస్తుంది. ఆ 16తో 1000ని భాగిస్తే 62.5 రావాలి, అక్కడా కోత పడి 62. ఆ తర్వాత రౌండ్ చేసినా ఉపయోగం లేదు, చెయ్యడానికి భిన్నమే మిగల్లేదు.

గట్టు మీద కుర్రాడి ఫోన్‌లో 59 ఎందుకు వచ్చిందంటే అక్కడ బరువు 2.4 అని కిలోల్లోనే కొడతాడు. ఒక వైపు దశాంశం ఉంది కాబట్టి లెక్క సరిగ్గా తేలింది. అదే నమూనా, అదే రొయ్యలు, సర్వర్‌కి చేరి గ్రాములయ్యాక మరో కౌంట్.

రెండు సున్నాల మోసం

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది చీటీ మీది ఆ "16.00". చీటీలో సగటు బరువుని రెండు దశాంశాలకి చూపించాలని రౌండ్(నమూనా_గ్రాములు / నమూనా_సంఖ్య, 2) అని రాశాను. పోస్ట్‌గ్రెస్ ముందు భాగించి 16 తెచ్చుకుంది, తర్వాత దాన్ని రెండు దశాంశాలకి రౌండ్ చేసి 16.00 అని ముద్రించింది. చూసేవాడికి అది గ్రాములో వందో వంతు దాకా కచ్చితంగా తూచినట్టే ఉంటుంది. భిన్నం పోయినచోట భిన్నం ఉన్నట్టు కనిపించడం కంటే చెడ్డ తప్పు రిపోర్టులో ఉండదు.

పెద్దాయన్ని కూర్చోబెట్టి టీ తెప్పించి, కొత్త సర్వర్ నుంచి వెళ్లిన చీటీల నకళ్లన్నీ బయటికి తీయించాను. మొత్తం 43. బల్ల మీద వరసగా పరిచి సగటు బరువు గడి ఒక్కటే చూసుకుంటూ వెళ్లాం. 16.00, 21.00, 9.00, 13.00, 18.00. నలభై మూడింటిలో ఒక్కదానికి కూడా చుక్క తర్వాత సున్నాలు తప్ప ఇంకో అంకె లేదు. నలభై మూడు చెరువుల్లో రొయ్యలు ఏ ఒక్కటీ అటూ ఇటూ కాకుండా నిండు గ్రాముల్లోనే తూగడం ఎక్కడైనా జరుగుతుందా? మూడు వారాలు ఆ చీటీలు నా కళ్లముందే ప్రింటవుతున్నాయి. పెద్దాయన కూడా వంగి చూసి, "అన్నీ సున్నాలేగా" అన్నారు.

మొగ్గు ఎటు

రౌండ్ చేయడంలో తప్పు ఒకసారి పైకి, ఒకసారి కిందకి పోతుంది. చాలా లెక్కలు కలిపితే అటూ ఇటూ సర్దుకుంటుంది. కోత అలా కాదు. 16.05 అయినా 16, 16.95 అయినా 16. ఎప్పుడూ కిందకే పోతుంది. కాటాలో మొగ్గు ఎప్పుడూ ఒకే పళ్లెం వైపు ఉంటే ఆ కాటాని ఏమంటామో మన దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఇక్కడ సగటు బరువు కిందకి కోసుకుపోతే కౌంట్ పైకి పోతుంది, రేటు తగ్గుతుంది. మొగ్గు కొనేవారి వైపు. చివర్లో 62.5 కాస్తా 62 అవడం మాత్రం రైతు వైపు మొగ్గు, కానీ అది ఒక కౌంట్‌కి మించదు. అలాగే రేటు సర్దుబాటులో ఇంకో భాగహారం ఉంది. 60కి 320, 70కి 295 అయితే తేడా 25, దాన్ని పదితో భాగిస్తే 2.5. పోస్ట్‌గ్రెస్ 2 అంది. ఒక్కో కౌంట్‌కి రెండున్నర తగ్గాల్సింది రెండే తగ్గింది, అది కూడా రైతు వైపే. అందుకే పెద్దాయనకి 62 కౌంట్ మీద 315 బదులు 316 వచ్చింది. ఒకే చీటీలో మూడు కోతలు, అన్నీ కిందకే, కానీ లెక్కలో వాటి చోటుని బట్టి ఒకటి ఒకరికి, రెండు ఇంకొకరికి లాభం. "పూర్ణాంక భాగహారం విలువని తగ్గిస్తుంది" అని తెలుసుకోవడం చాలదు. తగ్గిన సంఖ్య తర్వాతి మెట్టులో పైన ఉందో కింద ఉందో చూస్తేనే నష్టం ఎవరిదో తెలుస్తుంది.

43 చీటీలూ తిరిగి లెక్క వేశాను. 34 చీటీల్లో రైతుకి నష్టం. 6 చీటీల్లో కౌంట్ మారలేదు. 3 చీటీల్లో రైతుకి ఒక కౌంట్ లాభం.

నష్టపోయిన చీటీల్ని కౌంట్ ప్రకారం పేర్చినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. పెద్ద రొయ్య ఉన్నచోట నష్టం దాదాపు లేదు. 33.9 గ్రాముల రొయ్యకి అసలు కౌంట్ 29.5, కోత పడ్డాక 33 గ్రాములతో 30. చిన్న రొయ్య దగ్గరికి వస్తే సంగతి వేరు. ఒక చీటీలో నమూనా 1,980 గ్రాములకి 200 రొయ్యలు. అసలు సగటు 9.9 గ్రాములు, కౌంట్ 101. కోత పడి 9 గ్రాములైంది, కౌంట్ 111. ఏకంగా పది కౌంట్లు. కోసేది గరిష్ఠంగా గ్రాములోపే అయినా, ముప్పై నాలుగు గ్రాముల్లో గ్రాము పోవడం వేరు, పది గ్రాముల్లో గ్రాము పోవడం వేరు.

పది గ్రాములకే చెరువు ఎవరు పట్టేస్తారు? కొందరు కావాలనే వంద కౌంట్‌కి పడతారు, అది వాళ్ల లెక్క. కానీ ఆ 9.9 గ్రాముల చీటీ అలాంటిది కాదు. చెరువులో తెల్లమచ్చ రోగం కనపడి, ఉన్నది ఉన్నట్టు కాపాడుకుందామని రాత్రికి రాత్రి పట్టేసిన చెరువది. నా క్వెరీ అందరికంటే ఎక్కువగా కోసింది అప్పటికే నష్టపోయిన మనిషి డబ్బు. ఆ చీటీ చూశాక ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు.

ముందే ఎందుకు దొరకలేదు

దొరికే అవకాశం రెండుసార్లు వచ్చింది.

మొదటిది, మారిన మొదటి రోజే. బతుకుబడి శాతం అని ఒక రిపోర్టు ఉంది. పట్టిన రొయ్యల సంఖ్యని వేసిన పిల్లల సంఖ్యతో భాగించి వందతో గుణిస్తారు. పెద్దాయన చెరువే తీసుకుంటే పట్టినవి సుమారు 1,69,217, వేసినవి 2,25,000. 75.2 శాతం రావాలి. పోస్ట్‌గ్రెస్‌లో చిన్న పూర్ణాంకాన్ని పెద్ద పూర్ణాంకంతో భాగిస్తే సున్నా, వందతో గుణించినా సున్నా. అన్ని చెరువులకీ సున్నా శాతం చూపించేసరికి కేంద్రంలో గగ్గోలు పుట్టింది. నేను అరగంటలో ఆ క్వెరీలో 100ని 100.0 చేసి, లెక్క మొదట్లోకి జరిపి సరిచేశాను. అక్కడితో ఆగిపోయాను. అదే జబ్బు ఇంకెక్కడుందని మిగతా క్వెరీలన్నీ వెతికి ఉంటే ఈ కథే లేదు. సున్నా గట్టిగా అరుస్తుంది, 62 అరవదు. అది నిజమైన కౌంట్‌లాగే ఉంటుంది.

రెండోది మేత లెక్క. కిలో రొయ్య పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందన్న నిష్పత్తిని ఎఫ్‌సీఆర్ అంటారు. పెద్దాయన చెరువుకి మేత 4,030 కిలోలు, పట్టుబడి 2,860 కిలోలు, ఎఫ్‌సీఆర్ 1.41. చెరువు వారీ రిపోర్టులో అందరికీ 1 అని వచ్చింది. కానీ నెలవారీ మొత్తం రిపోర్టులో మాత్రం చక్కగా భిన్నంతో వచ్చింది. దాంతో చెరువు వారీ రిపోర్టులో దశాంశాలు డిస్‌ప్లేలోనే దాగాయనుకుని, తీరిగ్గా చూద్దామని పక్కన పెట్టాను.

అసలు కారణం తర్వాత తెలిసింది. మేత కాలమ్‌ని నేను పెద్ద పూర్ణాంకంగా, అంటే బిగ్‌ఇంట్‌గా పెట్టాను. పోస్ట్‌గ్రెస్‌లో మామూలు పూర్ణాంకాల మొత్తం తీస్తే బిగ్‌ఇంట్ వస్తుంది, బిగ్‌ఇంట్‌ల మొత్తం తీస్తే న్యూమరిక్ వస్తుంది. మొత్తం పొంగిపోకుండా ఒక మెట్టు పెద్ద రకం ఇవ్వడం దాని పద్ధతి. న్యూమరిక్ అంటే దశాంశ రకం కాబట్టి దాన్ని భాగిస్తే భిన్నం నిలుస్తుంది. అంటే నెలవారీ రిపోర్టు సరిగ్గా రావడం నా తెలివి కాదు, మేత కాలమ్ రకం వల్ల కలిసొచ్చింది. అదే కాలమ్ మామూలు పూర్ణాంకమై ఉంటే అక్కడా 1 వచ్చేది, తప్పు దొరికిపోయేది. ఒక రిపోర్టు కుదరడం వల్ల ఇంకో రిపోర్టు తప్పు దాక్కుంది.

ఇక నేను తరలింపుకి ముందు చేసిన పరీక్ష సంగతి. చీటీ క్వెరీని రెండు డేటాబేసుల్లో నడిపి పోల్చాను. నమూనా 2,000 గ్రాములు, రొయ్యలు 100. సగటు 20, కౌంట్ 50, రెండు చోట్లా ఒకటే. చేతికి తేలిగ్గా వచ్చే నిండు సంఖ్యలతో పరీక్షిస్తే భాగహారం ఎప్పుడూ తెగుతుంది, శేషం రాదు, తప్పు కనపడదు. ఇప్పుడు నా పరీక్షల్లో 2,399 గ్రాములు, 141 రొయ్యలు లాంటి సంఖ్యలే ఉంటాయి.

ఏ సాఫ్ట్‌వేర్ ఏమంటుంది

క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్. దాని ప్రమాణం భాగఫలంలో ఎన్ని దశాంశాలు ఉంచాలన్నది తయారుచేసేవాళ్లకే వదిలేసింది. అందుకే ఎవరి దారి వాళ్లది. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎస్‌క్యూలైట్, ట్రినో పూర్ణాంకాలకి పూర్ణాంకమే ఇస్తాయి. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్, బిగ్‌క్వెరీ, హైవ్, స్పార్క్, క్లిక్‌హౌస్ భిన్నం ఇస్తాయి. ఎక్సెల్ కూడా భిన్నమే ఇస్తుంది, అందుకే షీట్ నుంచి డేటాబేస్‌కి మారినవాళ్లు మొదట పడేది ఈ గోతిలోనే. సగటు ఫంక్షన్ దగ్గర ఇంకో మెలిక ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో పూర్ణాంకాల సగటు భిన్నంతోనే వస్తుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అదీ పూర్ణాంకమే.

కోసే పద్ధతి ఎవరి పొరపాటూ కాదు. ఫోర్‌ట్రాన్ కాలం నుంచి ఉన్నది, సీ భాషలోనూ ఉంది, ప్రాసెసర్‌లోని భాగహారం ఆదేశం కూడా అలాగే పనిచేస్తుంది. అయితే డేటా లెక్కలు వేసేవాళ్లకి అది నప్పదని గుర్తించి దారి మార్చినవాళ్లున్నారు. పైథాన్‌లో 2001లోనే ఈ మార్పు ప్రతిపాదించారు. 2008 డిసెంబర్‌లో వచ్చిన పైథాన్ 3లో ఒక గీత (/) పెడితే భిన్నం, రెండు గీతలు (//) పెడితే పూర్ణాంకం అని స్థిరపడింది. డక్‌డీబీ అనే డేటాబేస్ కూడా 2023లో 0.8.0 వెర్షన్‌లో అదే దారికి వచ్చింది. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. శేషం పారేయాలంటే పారేస్తున్నానని రాసి చెప్పాలి.

రుణ సంఖ్యల దగ్గర ఇంకో తేడా నన్ను ఒక పూట తిప్పింది. గట్టు మీద తూకానికీ ప్లాంట్‌లో తూకానికీ తరుగు వస్తుంది. దాన్ని మైనస్‌లో రాసి లోడుల మీద పంచుతాం. −7 కిలోల్ని రెండు లోడులకి పంచితే పోస్ట్‌గ్రెస్ −3 అంటుంది, శేషం −1. పైథాన్‌లో రెండు గీతల భాగహారం −4 అంటుంది, శేషం 1. మొదటిది సున్నా వైపు కోస్తుంది, రెండోది ఎప్పుడూ కింది అంకెకి దిగుతుంది. ఎక్సెల్‌లో రెండూ ఉన్నాయి. కోషెంట్ ఫంక్షన్ −3 ఇస్తుంది, −3.5 మీద ఇంట్ ఫంక్షన్ −4 ఇస్తుంది. సరిచూడటానికి నేను రాసిన పైథాన్ స్క్రిప్ట్, డేటాబేస్ రిపోర్టు ఒక కిలో తేడాతో కొట్టుకున్నాయి. రెండూ వాటి వాటి నియమం ప్రకారం సరైనవే.

పూర్ణాంకమే కావాల్సిన చోట్లు

ఇదంతా చదివి ప్రతి భాగహారానికీ దశాంశం తగిలించేయకండి. పెద్దాయన చెరువు ముగ్గురు అన్నదమ్ముల ఉమ్మడిది. సరైన రేటు 323 చొప్పున మొత్తం 9,23,780 రూపాయలు. మూడుతో భాగిస్తే 3,07,926, శేషం 2. ఇక్కడ నాకు 3,07,926.67 వద్దు. అలా ముగ్గురికీ రాస్తే మొత్తం ఒక పైసా ఎక్కువ తేలుతుంది. భాగఫలం ఒక్కొక్కరికీ ఇచ్చి, మిగిలిన రెండు రూపాయలు మొదటి ఇద్దరికీ చెరొకటి వేస్తే లెక్క పైసాతో సహా సరిపోతుంది. కోనసీమలో కొబ్బరికాయలు పుంజీల్లో, అంటే నాలుగేసి చొప్పున, లెక్కపెట్టేవాళ్లు చేసేది కూడా ఇదే. 1,003 కాయలంటే 250 పుంజీలు, మూడు కాయలు విడి. ఆ మూడింటినీ ఎవరూ ముప్పాతిక పుంజీ అని రాయరు, అలాగని పారేయరు కూడా.

మేత బస్తాల దగ్గర మళ్లీ జాగ్రత్త. 25 కిలోల బస్తాలు, 190 కిలోల మేత కావాలి. 7 బస్తాలు చాలవు, 8 దింపాలి. నా క్వెరీలో సీల్(190 / 25) అని ఉంది. పైకి తేల్చమనే చెప్పాను. కానీ లోపల భాగహారం ముందే 7 అయిపోయింది, ఏడుని పైకి తేల్చినా ఏడే. మూడు వారాలు బండి ఒక బస్తా తక్కువతో వెళ్లింది, డ్రైవర్ రెండో ట్రిప్ వేసి సర్దుకున్నాడు, ఎవరూ చెప్పలేదు.

ఏం చేశాను

చీటీ క్వెరీలో సగటుని మధ్యలో తేల్చడం మానేశాను. కౌంట్‌కి సగటు బరువుతో అవసరమే లేదు:

కౌంట్ = నమూనా_సంఖ్య * 1000.0 / నమూనా_గ్రాములు

ముందు గుణించి, భాగహారం చివర్లో ఒక్కసారే. 1000 పక్కన ఆ చుక్క, సున్నా ఉన్నందువల్ల లెక్క దశాంశ రకంలోకి మారుతుంది. ఇంకొకరు క్వెరీ సవరిస్తూ "ఈ సున్నా ఎందుకు" అని తీసేయకుండా పక్కనే కారణం రాశాను. మిగతాచోట్ల భాగించే ముందు ఒక వైపుని న్యూమరిక్‌గా మార్చాను. ముందు అన్నది ముఖ్యం. (2400 / 142)ని బ్రాకెట్ బయట మారిస్తే 16ని మార్చినట్టే.

తర్వాత, ఉన్న 71 క్వెరీల్లోనూ భాగహారం గుర్తు ఎక్కడెక్కడ ఉందో వెతికాను. 29 చోట్ల దొరికింది. ప్రతిదాని పక్కనా మూడు ప్రశ్నలు రాసుకున్నాను: రెండు వైపులా ఏ రకం, శేషం ఎక్కడికి పోతోంది, పోతే మొగ్గు ఎవరి వైపు. రెండు రోజులు పట్టింది. 29లో 11 తప్పు, 14 సరి. మిగిలిన 4 సరైన జవాబే ఇస్తున్నాయి గానీ అదృష్టం మీద నడుస్తున్నవి, వాటినీ మార్చాను. భాగించే సంఖ్య సున్నా అయితే ఏం చేయాలో కూడా అప్పుడే తేల్చాను. మైఎస్‌క్యూఎల్ అలాంటిచోట నల్, అంటే ఖాళీ విలువ, ఇచ్చి ఊరుకునేది, పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

కేంద్రం యజమానికి మొత్తం కాగితం మీద పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "34 మందికీ ఇచ్చేద్దాం. ఆ ముగ్గురి దగ్గర వెనక్కి అడగొద్దు" అన్నారు. వారంలో ఇచ్చేశారు. తెల్లమచ్చ వచ్చిన చెరువు రైతు ఇంటికి నేను కూడా వెళ్లాను. ఎందుకు తక్కువ వచ్చిందో, తప్పు ఎవరిదో నా నోటితోనే చెప్పాలనిపించింది.

కొత్త చీటీలో ఇప్పుడు నమూనా బరువు, రొయ్యల సంఖ్య, రెండు దశాంశాలతో అసలు కౌంట్, తేల్చిన కౌంట్, నాలుగూ కనిపిస్తాయి. మొదటి నకలు పెద్దాయనకే చూపించాను. 142, 2,400, 59.17, 59. అద్దాలు సరిచేసుకుని చదివి ఒక్కటే అడిగారు.

"సరిగ్గా యాభై తొమ్మిదిన్నర వస్తే ఎటు వేస్తారు బాబూ?"

పోస్ట్‌గ్రెస్ రౌండ్ ఫంక్షన్ న్యూమరిక్ రకంలో సగాన్ని పైకి, అంటే 60కి వేస్తుంది. ఆ మాటే చెప్పాను. "మరి అది మాకు తక్కువేగా" అన్నారు. నేను యజమాని వైపు చూశాను. ఆయన క్షణం ఆలోచించి, సరిగ్గా సగం వస్తే కింది కౌంటే వేయమన్నారు. అక్కడే కూర్చుని రౌండ్ తీసేసి, అసలు కౌంట్‌లోంచి 0.5 తీసి సీల్ వేశాను. 59.50 ఇస్తే 59 వచ్చింది, 59.51 ఇస్తే 60 వచ్చింది. చీటీ అడుగున ఒక వాక్యం కూడా చేర్చాను: "సరిగ్గా సగం వస్తే కింది కౌంట్ రేటు ఇవ్వబడును."